సభ నుండి పొలంబడికి: పంట యాజమాన్య శిక్షణలో మారిన రైతు స్థానం

రైతులకు పంట యాజమాన్యం నేర్పే సమావేశాల్లో ఏ విషయం బోధించారన్నది నివేదికల్లో నమోదవుతుంది. ఎవరు మాట్లాడారు, ఎవరు మౌనంగా విన్నారు అన్నది సాధారణంగా నమోదు కాదు. వ్యవసాయ విస్తరణ చరిత్రలో అసలు మార్పు ఈ రెండో అంశంలోనే జరిగింది.

భారతదేశంలో ఈ సమావేశాలకు కచ్చితమైన కాలపట్టికను ఇచ్చింది శిక్షణ-సందర్శన పద్ధతి. ఇజ్రాయెల్ విస్తరణ నిపుణుడు డేనియల్ బెనార్ రూపొందించిన ఈ పద్ధతి ప్రపంచబ్యాంకు తోడ్పాటుతో 1974లో రాజస్థాన్‌లోని చంబల్ ఆయకట్టులో మొదలై, తరువాత ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాలకు విస్తరించింది. విషయ నిపుణులు గ్రామస్థాయి కార్యకర్తలకు పక్షానికొకసారి శిక్షణ ఇచ్చేవారు. కార్యకర్త తన పరిధిలోని రైతులను ఎనిమిది బృందాలుగా విభజించి, ఒక్కొక్క బృందం వద్దకు నిర్ణీత దినాన వెళ్లి, ఎంపికైన కాంటాక్ట్ రైతులకు ఆ పక్షపు సిఫారసులను తెలిపేవాడు. వారి ద్వారా అవి ఇరుగుపొరుగు రైతులకు చేరతాయని అంచనా. అధికారి ఏనాడు వస్తాడో రైతుకు ముందే తెలియడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అయితే కాలువ నీరు శివారు భూములకు చేరేసరికి తగ్గినట్లే సందేశమూ తగ్గుతూ పోయింది. రైతు సందేహం పరిశోధనా కేంద్రానికి తిరిగి చేరే మార్గం పద్ధతి రూపకల్పనలో ఉన్నా ఆచరణలో ఇరుకుగానే మిగిలింది.

పైనుండి వచ్చే సిఫారసుకు ఉన్న పరిమితిని మరింత స్పష్టంగా చూపినవి ఇండోనేషియా వరిపొలాలు. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిన ఆ దేశంలో రెండేళ్లకే సుడిదోమ విజృంభించింది. పురుగుమందులపై ప్రభుత్వం భారీ రాయితీ ఇస్తున్న కాలమది. మందు కొట్టినకొద్దీ దోమ పెరిగింది. కారణం జీవశాస్త్రంలోనే ఉంది. మందుకు సాలెపురుగులు, మిరిడ్ నల్లులు వంటి మిత్రపురుగులు చనిపోతాయి. ఆకు తొడుగు లోపల దాగిన గుడ్లు మాత్రం మిగులుతాయి. అవి పొదిగి పిల్లదోమలు వెలువడే నాటికి వాటిని తినేవి మడిలో ఉండవు. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఉత్తర్వు వరిపై 57 రకాల మందులను నిషేధించింది. మందును ఆపగలిగిన ఆ ఉత్తర్వు మిత్రపురుగును గుర్తించడం మాత్రం నేర్పలేదు.

ఆ పనికోసం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 1989లో ఆరంభమైనదే ‘సెకొలా లపాంగన్’. తెలుగులో స్థిరపడిన ‘పొలంబడి’ అన్న మాటకు అర్థం సరిగ్గా అదే. సుమారు 25 మంది రైతులు ఒక పంటకాలమంతా వారానికొక ఉదయం మడి గట్టున కలిసేవారు. అయిదుగురేసి బృందాలుగా దుబ్బులను పరిశీలించి పిలకలను, శత్రుపురుగులను, మిత్రపురుగులను లెక్కించేవారు. చూసినదాన్ని పెద్ద కాగితంపై బొమ్మగా గీసి, ఆ వారం మందు కొట్టాలా వద్దా అని వాదించుకొని తేల్చేవారు. శిక్షకుడు జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేయాలన్నది నియమం. ఉపన్యాసానికి అలవాటుపడిన అధికారులకు ఇది కష్టమైన క్రమశిక్షణే.

తెలుగు ప్రాంతంలో ఈ నేర్పు ఎంత అవసరమో పత్తి చేలు అప్పటికే చాటాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ, 1997-98లో వరంగల్ ప్రాంతంలో లద్దెపురుగు పంటను తుడిచిపెట్టినప్పుడు మందుల అప్పులు రైతుల ప్రాణాలనే తీశాయి. తరువాతి కాలంలో పొలంబడి వరి, పత్తి వంటి పైర్లలో అమలైంది. రాయలసీమ, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ కరువు ప్రాంతాల్లో భూగర్భజలాలపై నడిచిన ప్రాజెక్టు ఇదే పద్ధతిని నీటికి వర్తింపజేసింది. అక్కడ రైతులే వాన కొలిచి, బోరులో నీటిమట్టం నమోదు చేసి, రబీకి ముందు ఏ పంటకు ఎంత నీరో లెక్క వేసుకున్నారు.

పొలంబడి ఫలితాలపై వివాదం తీరలేదు. ఫెడర్, ముర్గాయ్, క్విజాన్ 2004లో ఇండోనేషియా సమాచారం ఆధారంగా, హాజరైన రైతుల దిగుబడిలోగానీ మందుల వాడకంలోగానీ చెప్పుకోదగ్గ మార్పు లేదనీ, వారి జ్ఞానం పొరుగువారికి చేరలేదనీ తేల్చారు. హాజరైనవారు మందులు తగ్గించారని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. వ్యాప్తి జరగలేదన్న భాగం మాత్రం ఊహించదగినదే. ‘ఫలానా మందు కొట్టు’ అన్న మాట గట్టు దాటుతుంది కానీ, దుబ్బు విప్పి సాలెపురుగును చూసే అలవాటు మాటగా దాటదు. దాన్ని నేర్పాలంటే ప్రతి 25 మందికీ మళ్లీ ఒక పంటకాలం వెచ్చించాలి. ఖర్చు లెక్కలు అడ్డుపడింది అక్కడే.