చెవి ముందు చుక్క

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు మెల్లగా తెరవండి. మొదట లోపలేదో గుండ్రంగా తిరిగినట్టుంటుంది. అది దవడ ఎముక కొన. ఇంకా తెరిస్తే ఆ గుబ్బ వేలి కింద నుంచి ముందుకు జారిపోతుంది. కట్టుడు పళ్లు చేసేవాళ్లను ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది ఈ జారుడే.

మొదట్లో పైపళ్ల అచ్చుకూ కిందిపళ్ల అచ్చుకూ వెనక మడతబందు బిగించి, దవడంటే ఇదే అనుకున్నారు. తలుపులా తెరుచుకుని మూసుకునే దవడతో జంతికలు నమలగలమా? 19వ శతాబ్దంలో ఫిలడెల్ఫియా దంతవైద్యుడు బాన్‌విల్ చాలా దవడలు కొలిచి, రెండు కీళ్ల నడుమా, ఒక్కో కీలు నుంచి ముందుపళ్ల మధ్యకూ 4 అంగుళాలేనని తేల్చాడు. ఆ త్రికోణంతో ఆయన చేసిన పరికరం పక్కలకూ కదిలేది. కానీ అందరి దవడలూ ఒకే కొలతలో ఇముడుతాయా!

1889లో లూస్ అనే ఆయన దవడ చేతే గీత గీయించాడు. పళ్లకు వెండి పూసలు అమర్చి, ఎండలో నోరు ఆడిస్తే పూసల మెరుపు ఫొటో ప్లేటు మీద గీతలుగా పడింది.

1908లో లండన్‌లో నార్మన్ బెనెట్ అనే దంతవైద్యుడు ఏకంగా తన దవడకే దీపాలు కట్టుకున్నాడు. కిందిపళ్లకు చట్రం, దానికి చిన్న బల్బులు. కటకం గుండా తెర మీద పడిన వెలుగు చుక్కల దగ్గర గుర్తులు పెడుతూ పోయారు. దవడ పక్కకు తిప్పితే ఆ వైపు కీలు ఉన్నచోటే తిరగాలి కదా, అది కాస్తా బయటికి ఒరిగింది! పరీక్షించింది ఒక్క మనిషినే అయినా, ఆ ఒరుగుడును నేటికీ బెనెట్ కదలిక అనే అంటారు.

తమాషా ఏమిటంటే, ఇంత జరిగాక దవడలోనే మడతబందు మళ్లీ దొరికింది. 1921లో కాలిఫోర్నియాలో మెకాలమ్ అనే దంతవైద్యుడు కిందిపళ్లకు ఓ కమ్మీ గట్టిగా బిగించి, దాని సూదిమొనను చెవి ముందుకు తెచ్చాడు. నోరు కొద్దికొద్దిగా తెరిచి మూస్తుంటే మొన చిన్న వంపు గీస్తుంది. జరిపి మళ్లీ చూడాలి. ఇంకాస్త జరపాలి. ఒకచోట మొన కదలడం మానేసి ఉన్నచోటే తిరుగుతుంది. ఇరుసు అక్కడే!

రోగి మళ్లీ వచ్చినప్పుడు అదే చోటు దొరకాలిగా. అందుకని కొందరు వైద్యులు అక్కడ చర్మం మీద పచ్చబొట్టు చుక్క పొడిచేవారు.