తొలి విద్యుచ్ఛకట మెవరిది?

మన నెల్లూరు మండలపు శాసనములను బటరువర్తుదొరగారును వేణుగోపాలుశెట్టిగారును సేకరించి 1905వ సంవత్సరమున ముద్రింపించిరి. అట్టి గ్రంథములను తిరుగవేసినవారికి శకవర్షము చెక్కని రాయి యెంత చిక్కు పెట్టునో తెలియును. విద్యుచ్ఛకటమును, అనఁగా కరెంటుతో నడచు కారును, మొదట చేసినదెవరను వివాదమునను ఇట్టి చిక్కే కలదు.

ఇంగ్లండులోని ఉల్వరుహాంప్టను నగరమున థామసు పార్కరను యంత్రనిపుణుఁ డుండెను. సముద్రపుటొడ్డు పట్టణమగు బ్లాక్‌పూలులో 1885లో నడచిన విద్యుత్తు ట్రాములకు సామగ్రి నిచ్చినది ఆతని కంపెనీయే. కావున సమర్థుఁడనుటకు సందేహము లేదు. ఆతఁడు విద్యుచ్ఛకటముపైఁ గూర్చున్న ఛాయాపటమొకటి కలదు. అది 1884 నాఁటిదని కొందఱు, 1895 నాఁటిదని కొందఱు. ఈ నడుమనే, 1888లో, జర్మనీలోని కోబుర్గున ఆండ్రెయాసు ఫ్లొకెను నాలుగుచక్రముల విద్యుచ్ఛకటమును కట్టెను. పటము 1884 నాఁటిదైన పార్కరు ముందు. కానిచో ఫ్లొకెను ముందు. స్కాట్లండువారు 1830 తరువాతి రాబర్టు ఆండర్సను పేరు చెప్పుదురు గాని, చూపుటకు బండియు లేదు, పటమును లేదు.

నా మట్టుకు తీర్పు వేఱు. గుస్తావు త్రువే యను ఫ్రెంచివాఁడు 1881 ఏప్రిలులోనే మూఁడుచక్రముల బండికి మోటారును, మరల మరల విద్యుత్తు నింపుకొనఁదగిన బ్యాటరీని అమర్చి పారిసు వీథిలో నడిపెను. మూఁడుచక్రములది కారగునా యని ఫ్లొకెను పక్షమువా రాక్షేపింతురు. రెండుచక్రముల మన యెద్దుబండి బండియే కాఁగా, దీనికి వచ్చిన లోపమేమి?

ఆ బండికి పేటెంటు దొరకలేదు. దానితో త్రువే మోటారునూడఁదీసి, చుక్కానిని, నీటిని త్రోయు ఱెక్కలచక్రమును దానితోఁ గూర్చి, మే నెలలో సీను నదిపై పడవను నడిపెను. బకింగుహాము కాలువలో గడవేసియు, గట్టున నడచి త్రాటితో లాగియు పడవలు నడిపిన మన తీరమువారు ఈ సంగతి విని ఊరకుందురా?

త్రువే 1902లో మృతినొందెను. సమాధిని నిలుపుటకుఁ గట్టవలసిన రుసుము నెవరును కట్టకపోఁగా, ఆతని యెముకలను సామాన్యపు గోతిలో వేసిరి. స్వగ్రామపు పురభవనమునందు దాఁచిన ఆతని కాగితములు 1980లో అగ్నిపాలైనవి. ఆ బండిని గూర్చి వ్రాసిన నాఁటి ఫ్రెంచి పత్రికలు మాత్రము తేదీలతో నిలిచియున్నవి.