అనొరెక్సియా నెర్వోసా: ఎముకల స్థితి

లావగుదునను భయముచే, దేహము కృశించుచున్నను భోజనమును తగ్గించుకొను అనొరెక్సియా నెర్వోసా యను మానసిక వ్యాధియందు, బయటికి కానరాక జరుగు నష్టములలో ముఖ్యమైనది ఎముకలు గుల్లబారుట. 1873లో లండనున విలియం గల్, పారిసున లసేగ్ ఈ వ్యాధిని వేర్వేరుగా వర్ణించిరి గాని, ఎముకల సంగతిని వైద్యలోకము శ్రద్ధగా పట్టించుకొనినది 1980 ప్రాంతము తరువాతనే.

మనుష్యుని అస్థిసంపదలో అత్యధికభాగము ఇరువదేండ్లలోపుననే చేకూరును. ఈ వ్యాధియు తరచుగా ఆ వయసుననే పొడసూపును. తిండి చాలక ఆడపిల్లలలో ఈస్ట్రొజెన్ అను హార్మోను క్షీణించి ముట్టు ఆగిపోవును. అస్థివృద్ధికి తోడ్పడు ఐ.జి.ఎఫ్.-1 సన్నగిల్లును; కార్టిసాల్ పెరుగును; అందుచే పాత యెముక కరగుట సాగుచుండగనే క్రొత్త యెముక కట్టుట మందగించును. మగపిల్లలలో టెస్టోస్టెరాన్ తగ్గుటచే ఇదే గతి పట్టును. వింత యేమనగా, ఒంటిమీది క్రొవ్వు హరించుకొనిపోవుచుండగా ఎముకల మజ్జలో మాత్రము క్రొవ్వు పెరుగును.

ఎముకలు చెడకముందే వ్యాధిని కనిపెట్టవలెను గాని, పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమయై, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములవంటి చోట్ల దీనిని గుర్తించుట సులభము కాదు. లావగుదునను భయమును రోగులు పైకి చెప్పకపోవుట మనదేశమున వైద్యులు గమనించిన విషయమే. "అన్నం సయించడం లేదు, రెండు ముద్దలకే కడుపుబ్బరం" అనుటతో సరిపెట్టుదురు. శనివారపు ఒక్కపొద్దుల మాటునను వ్యాధి దాగవచ్చును. పెండ్లికాని పిల్లకు నెలలతరబడి ముట్టు రాకున్నచో తూకము చూడక మందు వ్రాయుట తగదు.

ఎముకలను పరీక్షించుటయందును ఒక చిక్కు కలదు. ఈ సీమను ఆనుకొనియున్న పూర్వపు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌కు పేరుపడినది. ఫ్లోరైడ్ మితిమీరిన నీరు చిరకాలము త్రాగినవారి వెన్నెముక, అస్థిసాంద్రతను కొలుచు డెక్సా పరీక్షలో దట్టముగా కనబడినను పెళుసుగానే యుండవచ్చును. కావున అట్టి యూళ్ల రోగి విషయమున, అంకె బాగున్నదని నిశ్చింతగా నుండరాదు. త్రాగిన నీటిని గూర్చియు విచారింపవలెను.

చికిత్సకు మూలము బరువు పెరుగుట, ముట్టు తనంతట తాను మరలివచ్చుట. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియమున్నను, జావ యొక్కటియే ఎముకను నిలుపజాలదు. చాలకాలము పస్తుండినవారికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టినచో రక్తములోని ఫాస్ఫేటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును గనుక, తీవ్రరోగులకు ఆస్పత్రిలోనే క్రమముగా ఆహారము పెంచవలెను. గర్భనిరోధక మాత్రలు నెలనెలా రక్తస్రావమును చూపి తృప్తిపరచునే గాని అస్థిసాంద్రతను పెంచవు. చర్మముపై అంటించు ఈస్ట్రొజెన్ పట్టీలు బాలికలలో కొంత మేలు చేసినవి. ఎముక కరగుటను తగ్గించు బిస్ఫాస్ఫొనేట్ మందులు ఎముకలలో ఏండ్లతరబడి నిలిచియుండును గనుక, మున్ముందు తల్లులు కావలసిన వారికి వానినిచ్చుటకు వైద్యులు వెనుదీయుదురు.