కరగని పదార్థాన్ని పలికించిన ఆచార్యుడు

రసాయన శాస్త్ర విభాగంలో ఎన్.ఎమ్.ఆర్. పరికరం దగ్గర పనిచేసి రిటైరయినవాణ్ణి. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగితే, నాకు తెలిసిన ఆ అయస్కాంతం గురించే రాస్తున్నాను.

మా గదికి వచ్చే రీసెర్చి స్కాలర్లను నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "శాంపిల్ కరిగిందా?" 1978లో ఒకమ్మాయి ఏ ద్రావకంలోనూ కరగని పాలిమర్ తెచ్చింది. "కరిగించి తీసుకురామ్మా" అని రెండుసార్లు తిప్పి పంపాను. మూడోసారి ఆమె రాలేదు.

నేను అలా అనడానికి కారణం ఉంది. ద్రవంలో అణువులు గిర్రున తిరుగుతూ ఉంటాయి గనుక పొరుగు కేంద్రకాల అయస్కాంత ప్రభావాలు సగటున రద్దయిపోయి, సన్నని గీతలు వస్తాయి. ఘనపదార్థంలో అణువులు కదలవు. గీతలన్నీ కలిసి ఒకే దిబ్బలా కనిపిస్తాయి.

ఈ చిక్కుముడి మీద పనిచేసినవారిలో ముఖ్యుడు జాన్ వా. 1929లో పుట్టిన ఈ అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు 1953లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అధ్యాపకుడిగా చేరాడు. అప్పటికి ఈ విద్యకు ఇంకా పదేళ్ళు నిండలేదు. 1958లో బ్రిటన్‌లో ఆండ్రూ బృందం శాంపిల్‌నే 54.7 డిగ్రీల వాలులో వేగంగా తిప్పి చూసింది. కాని హైడ్రోజన్ కేంద్రకాల పరస్పర ప్రభావం బలమైనది. ఆనాటి వేగాలు దానికి చాలలేదు. శాంపిల్‌ను కదలనివ్వకుండా, రేడియో స్పందనలతో కేంద్రకాలనే తిప్పవచ్చునని వా ఆలోచించాడు. 1968లో హ్యూబర్, హేబర్లెన్‌లతో కలిసి నాలుగు స్పందనల వరుసను ప్రకటించాడు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దానికి 'వాహుహా' అని పేరు పడింది.

తర్వాత కార్బన్ వంతు. కార్బన్‌లో ఎన్.ఎమ్.ఆర్.కు పనికివచ్చే కార్బన్-13 వంద పరమాణువుల్లో ఒకటి మాత్రమే. శిష్యులు పైన్స్, గిబ్బీలతో కలిసి, హైడ్రోజన్ బలాన్ని కార్బన్‌కు అరువిప్పించే పద్ధతిని 1973 నాటికి సాధించాడు. 1976లో షేఫర్, స్టెయ్‌స్కల్ దీనికి శాంపిల్ తిప్పడాన్ని జోడించారు. పాలిమర్లు, మందు బిళ్ళలు, కరగని ప్రొటీన్లు పలకడం మొదలుపెట్టాయి. వాకు 1983-84 వుల్ఫ్ బహుమతి మరో ఇద్దరితో కలిపి వచ్చింది. 2014లో ఆయన కన్నుమూశాడు.

ఆ అమ్మాయి వచ్చేనాటికే ఇదంతా అచ్చయి ఉంది. మా దగ్గర అలాంటి పరికరం లేదన్నది నిజమే. కాని "ఇక్కడ కాదు, వేరేచోట అవుతుందేమో, లైబ్రరీలో చూడమ్మా" అని ఉండవచ్చు. నాకు తెలియని దాన్ని కుదరదని చెప్పాను. ఇప్పుడు మనవలు ఏదైనా అడిగితే, ముందు "చూద్దాం" అంటున్నాను.