సగటు మనిషీ, నా నడుమూ

నలభై ఆరో ఏట మోకాళ్ళ నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా మోకాలికంటే ముందు కంప్యూటరు చూశాడు. "బీఎంఐ 28 ఉందమ్మా. తిండి తగ్గించండి, వాకింగ్ చెయ్యండి" అన్నాడు. నేనేం తింటానో, ఎన్నింటికి తింటానో, వాకింగ్‌కి నాకు ఏ గంట మిగులుతుందో అడగలేదు. చరిత్ర పాఠాలు చెప్పి బతికేదాన్ని కదా, ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలు తవ్వాలనిపించింది.

బరువును ఎత్తు వర్గంతో భాగించే ఈ సూత్రం వైద్యులు కనిపెట్టింది కాదు. బెల్జియంకి చెందిన ఖగోళ, గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1830లలో చెప్పాడు. ఆయన వెతికింది లావుపాటి వాళ్ళ కోసం కాదు, 'సగటు మనిషి' కోసం. ఆ సగటే ఆయన దృష్టిలో ఆదర్శం, దాన్నుంచి తప్పినదంతా ప్రకృతి చేసిన పొరపాటు.

తర్వాతి మజిలీ బీమా ఆఫీసు. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ 1942లో ఆడవాళ్ళకీ, 1943లో మగవాళ్ళకీ 'ఆదర్శ బరువుల' పట్టికలు వేసింది. పాలసీ కొనగలిగిన వాళ్ళ చావు లెక్కల్లోంచి తీసిన ఆదర్శం అది! ఆ పట్టికల మీద నమ్మకం లేని ఆన్సెల్ కీస్ 1972లో కెట్లే సూత్రాన్ని పైకి తీసి, బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. అయిదు దేశాల్లో ఏడు వేలకు పైగా మనుషుల కొలతలు పరీక్షించాడు. అందరూ మగవాళ్ళే. జనసమూహాలను పోల్చడానికి పనికొస్తుందన్నాడు గాని, ఒక్కో మనిషికీ తీర్పు చెప్పే తక్కెడగా దాన్ని ఉద్దేశించలేదు. 1998లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఆడవాళ్ళ హద్దును 27.3 నుంచి 25కి దించింది. ఒక్క పూటలో కోట్లాది మంది, ఒక ముద్ద కూడా ఎక్కువ తినకుండానే, అధిక బరువు వాళ్ళయిపోయారు.

ఇక్కడిదాకా చదివి సంబరపడ్డాను. లాస్ ఏంజెలస్‌లో 1973లో 'ఫ్యాట్ అండర్‌గ్రౌండ్' స్త్రీలు లేవనెత్తిన ధిక్కారం, 1978లో సూసీ ఆర్బాక్ లావును స్త్రీవాద సమస్యగా చర్చించిన పుస్తకం నా వైపే ఉన్నాయి. ఆ అంకె అబద్ధం, ఇక నేను హాయిగా ఉండొచ్చు అనుకున్నాను.

అయితే పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ నన్ను ఆపారు. 2004లో లాన్సెట్ పత్రికలో ఆయనా, జాన్ యుడ్‌కిన్ అనే బ్రిటిష్ డాక్టరూ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. అంటే ఆ సూత్రం మన విషయంలో తప్పింది, కాని నాకు కావలసిన వైపు కాదు. మనకి కొవ్వు పొట్టలో చేరుతుంది, తక్కువ బరువుకే షుగరొస్తుంది. అందుకే మన వైద్యులు 2009లో అధిక బరువుకు 23, స్థూలకాయానికి 25, ఆడవాళ్ళ నడుముకు 80 సెంటీమీటర్లు హద్దులు పెట్టారు. టైలరు టేపుతో కొలుచుకున్నాను. 94.

ఆ పద్నాలుగు సెంటీమీటర్లకీ చరిత్ర ఉంది. అనంతపురం పల్లెలో మా అవ్వకి వరి అన్నం పండగ తిండి. రోజూ జొన్నలు, రాగి సంగటి, కొర్రలు. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది. ఆ పథకాన్ని ఒక్క మాటన్నా అమ్మ ఊరుకోదు, నిజమే కూడా. కాని పప్పూ కూరా వడ్డించేసరికి అయిపోయేవి, చివర కూర్చునే మనిషికి గిన్నెలో అన్నమే మిగిలేది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం స్త్రీలు 25 దాటారు, సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత. ఈ రెండూ ఒకే వంటింటి లెక్కలు.

పారేయడం ఇష్టం లేక రాత్రి పదిన్నరకి గిన్నె ఊడ్చి తినడం మానేశాను. ఎనిమిదింటికి అందరితో పాటే కూర్చుంటున్నాను, పప్పూ కూరా ముందే నా కంచంలో వేసుకుంటున్నాను. పొద్దున నేను నడకకి వెళ్తే ఆయన కాఫీ కలుపుతున్నాడు (మొదటి నెల అలకలు రాయను). ఏడాదికి బరువు రెండు కిలోలే తగ్గింది, నడుము 89కి వచ్చింది, మెట్లు ఎక్కగలుగుతున్నాను. ఒక్క బీఎంఐతోనే స్థూలకాయ రోగమని తేల్చొద్దని, నడుము కొలత, అవయవాల పనితీరు చూడాలని లాన్సెట్ నిపుణుల సంఘం 2025లో చెప్పింది. ఆ డాక్టరుకి చెప్పాలి.

మొన్న అమ్మ ఫోన్‌లో అడిగింది: "మరి మిగిలిన అన్నం ఏం చేస్తున్నావే?"

"ఫ్రిజ్‌లో పెడుతున్నానమ్మా. పొద్దున ఎవరికి ఆకలేస్తే వాళ్ళు పోపు వేసుకుంటున్నారు."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మీ ఆయనకి పోపు వెయ్యడం వచ్చా?" అంది.