ఫిఫ్టీ గీత

మామిడి కాపు రోజుల్లో కృష్ణగిరి చుట్టుపక్కల పొద్దున్నే రోడ్డెక్కితే ఒక బండి ఎదురుపడక మానదు. కాళ్లు పెట్టుకునే చోట ఒక గంప, వెనక సీటు పీకేసి తాళ్లతో బిగించిన మరో రెండు గంపలు, హ్యాండిల్‌కు వేలాడే సద్ది సంచి. మోకాళ్లు రెండు పక్కలకీ చాపి నడుపుతుంటాడు దాని యజమాని. కంపెనీ దానికి ఎక్సెల్ అని పేరు పెట్టి ఏళ్లు గడిచినా, పెద్దవాళ్ల నోట అది టీవీఎస్ ఫిఫ్టీయే.

ఆ ఫిఫ్టీ ఇంజను కొలత. 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన టీవీఎస్ 50, ఇద్దరు కూర్చోగల మోపెడ్‌గా దేశంలో మొదటిది. అంతకు ఎనిమిదేళ్ల ముందే పుణె నుంచి లూనా వచ్చింది. మోటారు, పెడల్ అనే రెండు మాటలు అతికితే మోపెడ్ అయింది. యూరప్‌లో చాలా దేశాలు 50 సిసి లోపు బండ్లకు లైసెన్సు నిబంధనలు సడలించాయి కాబట్టి, తయారీదారులు ఇంజన్లను సరిగ్గా ఆ గీత కిందికి కుదించారు. మన 1988 మోటారు వాహనాల చట్టం కూడా అదే గీత గీసింది. బండి నడపడానికి 18 ఏళ్లు నిండాలి. 50 సిసి మించని మోటార్ సైకిలైతే 16 చాలు. తర్వాత వచ్చిన ఎక్సెల్ సూపర్ ఇంజను దాదాపు 70 సిసి, ఎక్సెల్ 100 పేరుకు తగ్గట్టే నూటికి దగ్గర. గంపలు పెరిగాయి, ఇంజనూ పెరిగింది. పదహారేళ్ల కుర్రాడి సడలింపు మాత్రం వెనకే ఉండిపోయింది.

ఆ 1988లోనే అమెరికాలో మైక్ పాండ్‌స్మిత్ 'సైబర్‌పంక్' అనే టేబుల్ మీద ఆడే పాత్రల ఆటను అచ్చు వేశాడు. మన చట్టం అమల్లోకి వచ్చిన 1989లో 'షాడోరన్' వచ్చింది. అందులో 'రిగ్గర్' అనే పాత్ర ఉంటుంది. వాడు తన నరాలను తీగలతో బండికి కలుపుకుని, కూర్చున్న చోటి నుంచే డ్రోన్లను తిప్పుతాడు. ఆ ఆటలో ప్రతి వాహనానికీ వేగానికో అంకె, ఒళ్లు గట్టిదనానికో అంకె, మాట వినే తీరుకో అంకె. పాచికలు పడేది వాటి మీదే. అమెరికా కుర్రాళ్లు ఊహించుకుని ఆడిన ఆట అది. హోసూరువాళ్లకు ఆ అంకెల పట్టిక కొత్త కాదు, వాళ్ల జీతాలే దాని మీద నడుస్తున్నాయి.

అసలు అంకెలు మోటార్ల కన్నా ముందే వచ్చాయి. హోసూరు పక్కన మత్తిగిరిలోని పశువుల ఫారం 1824 నాటిది. ఇంగ్లీషువాళ్లు అక్కడ సైన్యానికి గుర్రాలు మేపి తయారుచేశారు. గుర్రం ఎత్తును చేతుల్లో కొలిచేవారు, చేయి అంటే నాలుగు అంగుళాలు. ఎత్తు చాలని జంతువు సైన్యపు లెక్కలోకి రాదు, దాని అందం ఎవరికీ పట్టదు. ఎద్దుల బండ్ల మీద కూడా పన్ను ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ 1920 నాటి పురపాలక చట్టం బండ్లకూ జంతువులకూ పన్ను వేసుకునే వీలు కల్పించింది. అప్పటికి హోసూరు సేలం జిల్లాలో భాగం. 1965లో ధర్మపురి కింద చేరి, 2004లో కృష్ణగిరి జిల్లాలో కలిసింది.

ఊరి గీతను నిజంగా మార్చినది సరిహద్దు. 1971లో పుట్టిన తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్ హోసూరులో పారిశ్రామిక వాడ వేసింది. బెంగళూరు గడప అవతల, తమిళనాడు కొనలో చోటు దొరికేసరికి కంపెనీలు వరసగా వచ్చాయి. 1980లోనే అశోక్ లేలాండ్ లారీలు కూడా ఇక్కడ తయారుకావడం మొదలైంది. తెలుగు ఇంట్లో, కన్నడం సంతలో, తమిళం ఆఫీసులో మాట్లాడే ఊరికి మూడు షిఫ్టుల సైరన్లు తోడయ్యాయి.

లారీ లోకంలో అంకెలు ఇంకా కఠినం. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర బరువు, పర్మిటు, పన్ను చూసేవారు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు మూతపడ్డా, బరువు లెక్క ఎక్కడికీ పోలేదు. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసు మీద మోయదగ్గ బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులైంది. రోడ్డు మారలేదు; కాగితం మీది అంకె మారగానే అంతే కొలత లారీకి రెండు టన్నుల పైచిలుకు ఎక్కువ మోసే అనుమతి దొరికింది. జాతీయ రహదారి టోల్‌గేట్లలో రుసుము కూడా ఇరుసులు లెక్కపెట్టే వేస్తారు. రెండు చక్రాల బండికి మాత్రం రుసుము లేదు. కాబట్టి గంపల ఎక్సెల్ పక్క దారిలో హుందాగా వెళ్లిపోతుంది.

ఇప్పటి ఫిఫ్టీ గీతను కరెంటు బండ్లు మోస్తున్నాయి. మోటారు శక్తి 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటని బండికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. 2019లో మొదలై 2024లో ముగిసిన ఫేమ్ అనే కేంద్ర పథకం రెండో విడత సబ్సిడీకి మాత్రం గంటకు కనీసం 40 కిలోమీటర్ల వేగం, ఒక ఛార్జికి 80 కిలోమీటర్ల దూరం కావాల్సి వచ్చేది. ఒక నియమం నెమ్మదిని మెచ్చుకుంటే, ఇంకో నియమం జోరును మెచ్చుకుంది. నడుమ బండి చేసేవాడి పని అడకత్తెరలో పోకచెక్కే. 2021లో ఏథర్ హోసూరులో, ఓలా కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో స్కూటర్లు చేయడం మొదలుపెట్టాయి. రెండూ జోరు వైపే మొగ్గాయి.

ఆకాశం సంగతి మరీ చిత్రం. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నిబంధనల్లో మొదటి గీత 250 గ్రాముల దగ్గర ఉంది. అంతకు లోపున్నది నానో డ్రోన్, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ప్రపంచ మార్కెట్లో 249 గ్రాముల డ్రోన్లు ఎందుకు కనిపిస్తాయో ఇక వేరే చెప్పనక్కర్లేదు. ఆకాశ పటంలో పచ్చ మండలంగా గుర్తించిన చోట 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ పరిమితి 200 అడుగులకు దిగుతుంది.

మనిషి కూర్చునే విమానాల మాటకొస్తే, హోసూరు దగ్గర బెలగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్‌కు దాదాపు 7,000 అడుగుల రన్‌వే ఉంది. చిన్న విమానాలు తయారుచేసిన ప్రైవేటు కంపెనీ అది. 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం హోసూరులో 2,000 ఎకరాల్లో, ఏటా 3 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడే విమానాశ్రయం కడతామని శాసనసభలో ప్రకటించింది. దానికి అడ్డుగా నిలిచినది కూడా ఒక అంకే. బెంగళూరు విమానాశ్రయ ఒప్పందం ప్రకారం, అది తెరిచిన 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల లోపు, మైసూరు, హాసన్ మినహా, మరో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదు. బెంగళూరుది 2008 మేలో తెరుచుకుంది. ఆ గడువు తీరేది 2033లో.