వదంతికి మూల్యము చెల్లించిన దీవులు

కురుక్షేత్రమున ద్రోణాచార్యుడు ధనుస్సును విడిచినది శత్రువుల పరాక్రమమునకు జంకి కాదు, ఒక వార్తను నమ్మి. ఆయన అవివేకి కాడు. కుమారుడు మరణించెనన్న మాట నిజమా యని, అసత్యమాడడని పేరొందిన ధర్మరాజునే అడిగెను. అయితే ఆయన చెప్పినవాని కీర్తిని చూచెను గాని, చెప్పబడిన విషయమును విచారింపలేదు. రాజకీయములలో పుట్టిన మాటలు పలుమారు ఈ విధముగనే చెల్లుబాటగుచుండును. విచారింపని మాటకు ప్రజలు ఎంతటి మూల్యము చెల్లింపవలసి వచ్చునో అండమాను నికోబారు దీవుల చరిత్ర తెలుపుచున్నది.

1942 మార్చి 23వ తేదీన జపాను సైన్యము పోర్టుబ్లెయరులో దిగెను. ఆ నగరమునకే 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడినది. సైన్యము దిగిన నాటినుండి దీవులకు భారతదేశముతో సంబంధము తెగిపోయెను. కడలికి ఆవల నేమి జరుగుచున్నదో ప్రజలకు తెలియదు. ప్రజల మనస్సులలో నేమున్నదో పాలకులకు తెలియదు. తెలియనిచోట అనుమానము పెరుగును. తమ రహస్యములు శత్రువులకు చేరుచున్నవని జపాను అధికారులు శంకించిరి. ఆ శంక వట్టి కల్పనయు కాదు. పూర్వము ఆ దీవులలో పోలీసు అధికారిగా నుండిన డెనిస్ మెకార్తీ 1943 జనవరిలో జలాంతర్గామిలో రహస్యముగా వచ్చి అండమాను తీరమున దిగియుండెను. కాని ఒక గూఢచారి వచ్చెననుట వేరు, ఊరిలోని వైద్యులును, ఉద్యోగులును, ఉపాధ్యాయులును గూఢచారులే యనుట వేరు. మొదటిది సత్యము. రెండవదానికి ఆధారము లేదు.

ఆధారము లేనప్పుడు దానిని పుట్టించిరి. సెల్యులార్ జైలులో ఒకనిని హింసించి మఱొకని పేరు చెప్పించిరి. ఆ రెండవవానిని తెచ్చి, హింసించి, మూడవవాని పేరు రాబట్టిరి. ఇట్లు పలువురు ఒకే మాట చెప్పగా, ఇందరు చెప్పినది అబద్ధమెట్లగునని తలచిరి. అందరి మాటకును మూలము ఆ ఒక్క కొరడాయే యని విచారించినవారు లేరు. సాక్షుల సంఖ్య పెరిగినంత మాత్రమున సాక్ష్యము పెరుగదు. ఒకే ఊటనుండి నూరు కడవలు నింపినను ఆ నీరు ఒక్కటే కదా!

ఇట్లు బలియైనవారిలో డాక్టరు దీవాన్ సింగ్ ఒకరు. ఆయన వైద్యుడు, పంజాబీలో వచన కవిత్వమునకు దారితీసినవారిలో ఒకడు, 'కాలేపానీ' యన్నది ఆయన కలము పేరు. భారత స్వాతంత్ర్య సంఘమునకు ఆ దీవులలో నాయకత్వము వహించిన ఆయననే 1943 అక్టోబరులో గూఢచారియని నిర్బంధించిరి. హింసలకు గురియై 1944 జనవరి 14వ తేదీన ఆయన మరణించెను. అదే నెల 30వ తేదీన హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని గూఢచర్యపు నిందపై కాల్చి చంపిరి. 1945లో కార్ నికోబారు ద్వీపమునందును, శత్రువులకు సంకేతములిచ్చిరన్న ఆరోపణపై అనేకులు ప్రాణములు కోల్పోయిరి. దానిపై న్యాయవిచారణ 1946లో సింగపూరున జరిగెను. ముందు జరుగవలసిన విచారణ వెనుక జరిగినది. అది పోయిన ప్రాణములను తేలేదు.

ఈ కథలో మఱొక విషాదము కలదు. 1943 డిసెంబరు 29వ తేదీన నేతాజీ సుభాష్ చంద్రబోసు పోర్టుబ్లెయరు చేరి, మఱునాడు త్రివర్ణ పతాకము నెగురవేసెను. సెల్యులార్ జైలును దర్శించెను. అప్పటికి దీవాన్ సింగ్ ఆ జైలులోనే కలడు. ప్రజల గోడు నేతాజీ చెవిని పడకుండ జపానువారు జాగ్రత్తపడిరని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఆ దీవులను ఆజాద్ హింద్ ప్రభుత్వమునకు అప్పగింతుమని 1943 నవంబరులో జపాను ప్రధాని టోజో ప్రకటించియుండెను. కాని 1944లో ప్రతినిధిగా వచ్చిన లోగనాథనుకు దక్కినది విద్యాశాఖ మాత్రమే; సైన్యమును పోలీసును జపానువారి చేతిలోనే యుండెను. ప్రకటనను మాత్రమే చదివినవారు దీవులు స్వతంత్రమైనవనుకొందురు. జైలు గోడల లోపల చూచినవారికి సత్యము వేరుగా కనబడును. నేతాజీ దేశభక్తి నిజము; పతాకము నిజము; హంఫ్రీగంజ్ కూడ నిజము. ఒక సత్యమును నిలుపుటకై మఱొక సత్యమును దాచనక్కరలేదు.

నేడు వార్త ఓడకై వేచియుండదు. 2020 ఆగస్టులో చెన్నైనుండి సముద్రగర్భమున వేసిన తంతి ప్రారంభమైనది. విశాఖలో ఒకరు చేతిలోని ఫోనుపై వ్రాసిన మాట, ఆ దీవులలో స్థిరపడిన తెలుగువారికి క్షణములో చేరును. అయితే వేగము సత్యమునకు ఎంతయో అసత్యమునకును అంతే. ఒక చిన్న ఉదాహరణము. 2018 డిసెంబరులో నీల్ ద్వీపమునకు షహీద్ ద్వీపమనియు, హేవ్‌లాక్ ద్వీపమునకు స్వరాజ్ ద్వీపమనియు పేర్లు పెట్టబడినవి. ఆ రెండు చిన్న దీవులకు ఆ పేర్లు నేతాజీయే పెట్టెనని తలచుట సులభము. కాని ఆయన షహీద్ అన్నది అండమాను దీవులన్నిటిని, స్వరాజ్ అన్నది నికోబారు దీవులన్నిటిని. సెల్యులార్ జైలు గదుల సంఖ్యను సయితము ఒకరు 693 అనియు, మఱొకరు 696 అనియు వ్రాయుదురు. ఇవి ప్రాణము తీయు పొరపాట్లు కావు. కాని చిన్నవానియందు విచారింపని మనస్సు పెద్దవానియందు హఠాత్తుగా మేల్కొనదు.

మన పక్షమునకు ప్రియమైన మాట, మనకు గిట్టనివానిపై పడిన నింద, ఈ రెండును మనలను తొందరపెట్టును. అట్టి సమయముననే ఆగి అడుగవలెను: దీనిని కన్నులార చూచినవాడెవడు? ఎప్పుడు చెప్పెను? స్వేచ్ఛగా చెప్పెనా, లేక ఒకరు చెప్పించిరా? పదిమంది చెప్పుచున్నచో, వారు వేర్వేరుగా తెలిసికొనిరా, ఒకరినుండి ఒకరు వినిరా? జవాబు దొరకనిచో మాటను మనయొద్దనే నిలుపుట పిరికితనము కాదు.

హంఫ్రీగంజ్‌లో నేడు మృతుల స్మారకము కలదు. వారిపై మోపిన నిందను ఆనాడు ఏ ఒక్క అధికారియైనను ఆగి విచారించియున్నచో, ఆ స్మారకముతో పని యుండెడిది కాదు.